ఎవరి మెషీన్ వాళ్లది

ఆ ఎండాకాలానికి ముందు మా ఇంట్లో బావగారి మాటే మాట. ఆ తర్వాత అది కూడా ఒక మాట అయింది. మధ్యలో జరిగినదానికంతటికీ తప్పు నాదేనంటారు కొందరు. అననివ్వండి. మళ్లీ ఆ కాలం వస్తే మళ్లీ అదే పని చేస్తాను, కాకపోతే ఇంకాస్త ముందుగా చేస్తాను.

బావగారంటే మా ఆయనకు అన్నయ్య. కాలేజీ కంప్యూటర్ సెంటర్‌కు ఆయనే పెద్ద. అదే సెంటర్‌లో ఆయన కింద సర్వర్లు చూసే పని నాది. ఇంట్లో ఉన్నంతసేపు "బావగారూ", ఆఫీసులో అడుగుపెడితే "సార్". పొద్దున ఇంట్లోనూ, పగలంతా ఆఫీసులోనూ ఒకే మనిషి చేత చీవాట్లు తినే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి? కాలేజీలో ఆయనకు "కుదరదు సార్" అని పేరు పెట్టారు. ఎవరేం అడగడానికి వచ్చినా ముందు ఆ మాట అనేసి, ఆ తర్వాత ఏమడిగారో వినేవారు.

చెడ్డ మనిషి మాత్రం కాదు. ఒకప్పుడు ఎవరో తెచ్చి పెట్టిన ప్రోగ్రాం వల్ల పరీక్షల సర్వర్ మొత్తం మంచం పట్టింది. ఆ దెబ్బ ఆయన మనసులోంచి పోలేదు. అప్పటినుంచి సర్వర్లలో ఏ చిన్న ప్రోగ్రాం పెట్టాలన్నా ఆయనకు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆయన తీరిగ్గా చూడాలి, చూసి ఒప్పుకోవాలి. ఒప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక అక్క. ఆవిడ బావగారి భార్య, నాకు తోటికోడలు. అదే కాలేజీలో పాఠాలు చెబుతూ భూమి లోపలి నీళ్ల మీద పరిశోధన చేసేది. పిల్లల చదువులు, అత్తగారి జబ్బు, ఇంటి చాకిరీ, ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆమె థీసిస్ వాయిదాలు పడీ పడీ ఆఖరి గడువు దాకా వచ్చింది. ఆ ఎండాకాలం సెలవులు ముగిసేలోపు ఇవ్వకపోతే అంతే సంగతులు, ఇన్నేళ్ల శ్రమా గంగపాలు. నీటి లెక్కలు కట్టే ఆమె ప్రోగ్రాం పాత కాలంది, పాత సిస్టమ్ మీద తప్ప నడవదు. మా సర్వర్లలో ఉన్నవి కొత్తవి. ఆమె లాప్‌టాప్‌కేమో అంత బరువు మోసే ఓపిక లేదు.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగింది.

"ఏమండీ, నా దరఖాస్తు చూశారా?"

"చూశాను. కుదరదు."

"ఎందుకు కుదరదో కాస్త చెప్పండి."

"పాతదాన్ని తెచ్చి పెడితే మిగతావాళ్లవి చెడతాయి. పైగా ఇంట్లోవాళ్లకు చేశానంటే రేపు కాలేజీ మొత్తం నా నెత్తెక్కి కూర్చుంటుంది."

"బయటివాళ్లకు బయటివాళ్లని చెయ్యరు. నాకు ఇంట్లోదాన్నని చెయ్యరు. మరి ఎవరికి చేస్తారండీ?"

మా ఆయన కంచంలోకి మరింత వంగాడు. ఆయనకు కళ్లద్దాల దుకాణం ఉంది. ఊళ్లోవాళ్లందరి చూపూ సరిచేస్తాడు గానీ, ఇంట్లో గొడవ మొదలైతే మాత్రం ఏమీ కనిపించనట్టే ఉంటాడు. గోడ మీద పిల్లి.

నేనే ఆగలేక అన్నాను. "బావగారూ, అక్కకొక వర్చువల్ మెషీన్ ఇస్తే సరిపోతుంది కదా?"

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. బయట ఇనుము ఒకటే, లోపల ఎవరి కంప్యూటర్ వాళ్లది. పాత సిస్టమ్ పెట్టుకుంటారో, కొత్తది పెట్టుకుంటారో వాళ్ల ఇష్టం. తగలబెట్టుకున్నా వాళ్లదే తగలబడుతుంది, పక్కవాళ్లకు పొగ కూడా రాదు. ఇదంతా ఆయనకు నాకంటే బాగా తెలుసు.

"అంటే ఎవడికి వాడు నా సర్వర్లో యజమానా?"

"మీ సర్వర్లో కాదండీ, వాళ్ల మెషీన్లో."

"ఆ వాళ్ల మెషీన్ ఎక్కడుంటుంది?"

"మన సర్వర్లో."

"కుదరదు," అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. ఆయన లేచారంటే భోజనాలు అయిపోయినట్టే. మేమంతా సగం ఆకలితో లేచాం.

ఎండలు ముదిరేసరికి బావగారికి కడుపులో రాళ్లున్నాయని తేలింది. ఆపరేషన్, ఆ తర్వాత ఇంట్లో విశ్రాంతి. తప్పనిసరై సెంటర్ బాధ్యత నా చేతిలో పెట్టారు. "ఏదీ ముట్టుకోకు. ఏదైనా ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యి. అంతకుమించి తెలివి వాడకు," అన్నారు. అలాగేనన్నాను. ఆ క్షణానికి నిజంగానే అన్నాను.

ఆపరేషన్ రోజు ఆసుపత్రి వరండాలో బల్ల మీద అక్క, నేను కూర్చుని ఉన్నాం. ఆమె ఒళ్లో ఆయన చెప్పులు, కళ్లజోడు, వాచీ ఉన్నాయి. ఉన్నట్టుండి, పాలవాడికి రేపు రావద్దని చెప్పినంత మామూలుగా అంది.

"థీసిస్ వదిలేస్తున్నానే. గైడ్‌గారికి సోమవారం చెప్పేస్తాను."

"అదేంటక్కా!"

"ఎన్ని వదల్లేదు? వాటిలో ఇదొకటి. ఆయన లేచి తిరిగేదాకా ఎలాగూ కుదరదులే."

ఆమె నోట ఆ మాట వినేసరికి నాకు ఒళ్లు మండింది. బావగారు అంటే సరే, అది ఆయన ఊతపదం. తన గురించి తానే కుదరదనుకునేదాకా వచ్చిందంటే ఇంక చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. అక్కడినుంచి నేరుగా ఆఫీసుకు వెళ్లాను.

మా సర్వర్లకు వర్చువల్ మెషీన్లు నడిపే శక్తి మొదటినుంచీ ఉంది. వాటిని నడిపే అనుమతి ఉన్నవాళ్ల గుంపు ఒకటి లోపల ఉంటుంది. అందులో ఉన్నవి బావగారి పేరు, నా పేరు. ఇంకొకరిని చేర్చాలంటే ఒక్క వరస టైపు చేస్తే చాలు. కాలేజీ అంతా చెప్పులరిగేలా తిరిగింది ఆ ఒక్క వరస కోసమా అనిపించింది. అక్క పేరు చేర్చాను. చేర్చాక వేళ్లు ఆగాయి. ఆమె ఒక్కదానికే ఇచ్చి ఊరుకుంటే ఇంట్లోవాళ్లకు చేసుకున్నారన్న మాట నిజమైపోతుంది. దొంగచాటుగా చెయ్యడానికి నేనేం దొంగతనం చెయ్యడం లేదు. కాలేజీలో పరిశోధన చేసే ప్రతి ఒక్కరికీ మెయిల్ పెట్టాను: "ఇవాళ్టినుంచి సెంటర్ సర్వర్లలో మీ మెషీన్ మీరే నడుపుకోవచ్చు. అందులో మీరే యజమానులు. మంచైనా చెడైనా మీదే పూచీ." కింద నా పేరు, నా హోదా పెట్టాను. ఎవరైనా అడిగితే ఎవరు చేశారో వెతుక్కోనక్కర్లేదు.

మర్నాడు అక్కను పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాత సిస్టమ్ ఎక్కింది. యజమాని పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టి నావైపు చూసింది.

"అటు తిరుగు."

"నేను పెట్టిచ్చిన మెషీనే కదక్కా!"

"అయితే? తిరుగు తిరుగు."

తిరిగాను. వెనకనుంచి టకటకమని కొట్టిన చప్పుడు, ఆ తర్వాత ఒక చిన్న నవ్వు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన నాటినుంచి అక్క నవ్వులు చాలా విన్నాను, ఇలాంటిది వినలేదు. సాయంత్రానికి నీటి లెక్కల ప్రోగ్రాం ఎక్కింది, ఇంకో రెండు రోజులకు లెక్క మొదలైంది.

ఇక మిగతా జనం. వాళ్ల సంబరం చూడాలి. చరిత్ర లెక్చరర్ పాత ఫొటోలన్నీ తెచ్చుకుని పెట్టుకున్నాడు. భౌతికశాస్త్రం వాళ్లు మెషీన్ లోపల మెషీన్, దాని లోపల ఇంకోటి పెట్టి పిచ్చి ఆటలాడారు. నేనూ ఒకటి పెట్టుకున్నాను. సర్వర్లన్నిటినీ కనిపెట్టి చూసే ప్రోగ్రాం ఒకటి చాలా కాలంగా తీరిక వేళల్లో రాసుకుంటున్నాను. అది చూపించి ఎప్పటికైనా ఇంకెక్కడైనా పెద్ద ఉద్యోగం అడగాలని ఆశ. దాన్ని పాత కంప్యూటర్‌లోంచి తీసి నా కొత్త మెషీన్‌లోకి మార్చుకున్నాను.

ఇంట్లో ఇంకో తమాషా. బావగారు హాల్లో పడక కుర్చీలో కడుపు పట్టుకుని పడుకునేవారు. ఆయనకు మందులిచ్చి, దిండు సర్ది, ఎదురుగానే కూర్చుని అక్క లాప్‌టాప్‌లో తన మెషీన్ చూసుకునేది. ఆయన సర్వర్లలో, ఆయన కళ్లెదురుగా, ఆయన వద్దన్న పని జరుగుతోంది. "ఏం చేస్తున్నావ్?" అని అడిగితే, "నా పనేనండీ," అనేది. అబద్ధం ఒక్క ముక్క లేదు.

బాగోగులు కనుక్కోవడానికి చరిత్ర లెక్చరర్ పళ్లు పట్టుకుని వచ్చినరోజు గుట్టు కాస్తా రట్టయింది. కుర్చీ లాక్కుని కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"మీకు దణ్ణం పెట్టాలి సార్. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఏవేవో అనుకున్నాం. ఎవరి మెషీన్ వాళ్లకిచ్చారు చూడండి, అబ్బ, అది పెద్ద మనసు."

"ఏ మెషీన్?" అన్నారు బావగారు.

లెక్చరర్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు, పళ్ల సంచి బల్ల మీద పెట్టి గుమ్మం దాటాడు. మంచినీళ్లు కూడా తాగలేదు పాపం.

"తీసెయ్. ఇప్పుడే. అన్నీ." అరవలేదు. కుట్ల వల్ల అరవలేకపోయారు.

"తియ్యను బావగారూ."

మా ఇంట్లో ఆ మాట ఆయనతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. నేను అనేశాను.

"ఆ మెషీన్ల గోడలు ఎవడైనా పగలగొట్టి బయటికొస్తే సర్వర్ మొత్తం వాడి చేతికి పోతుంది. తెలుసా నీకు?"

"తెలుసు. అందుకే వారం వారం మరమ్మతులు ఎక్కిస్తున్నాను. ఎవరికీ ఏమీ ఇవ్వకుండా కూర్చుంటే ఏ ప్రమాదమూ ఉండదు, నిజమే. అప్పుడు సర్వర్లు మాత్రం ఎందుకు? ఆపేసి తాళం వేసుకుంటే ఇంకా భద్రం."

"ఆ సెంటర్ నాది."

"ఇప్పుడు బాధ్యత నాది. మీరే ఇచ్చారు."

ఆయన అక్కవైపు తిరిగారు. "నీక్కూడా ఉందా?"

అక్క లాప్‌టాప్ మూత దించలేదు. "ఉందండీ. మందు వేసుకునే టైమైంది, లేవండి."

ఇక్కడితో కథ అయిపోతే నా అంత గొప్పది లేదని ఊరేగేదాన్ని. కానీ నేనూ ఒకచోట బోర్లా పడ్డాను.

మెషీన్ ఇచ్చేటప్పుడు ఒక్కొక్కరికీ డిస్క్‌లో ఇంత చోటుందని చూపిస్తాం. ఆ చోటంతా ముందే తీసి పక్కన పెట్టం. వాళ్లు నింపుకున్నకొద్దీ పెరుగుతుంది. అందరూ ఒకేసారి నింపరులే అన్న ధీమాతో, ఉన్నదానికంటే ఎక్కువే పంచేస్తాం. మెమరీకి హద్దు పెట్టాను, ప్రాసెసర్‌కు పెట్టాను. డిస్క్ దగ్గర మాత్రం ఆ ధీమా మీదే వదిలేశాను. పైగా పరీక్షల ఫలితాలూ ఆ డిస్క్ మీదే ఉన్నాయి. ఇన్నేళ్లు ఆకలి మీదున్న జనానికి వడ్డించేటప్పుడు తక్కువ తింటారని ఎలా అనుకున్నానో నాకే తెలియదు.

సెలవులు చివరికొచ్చాయి. ఒక మధ్యాహ్నం అన్ని ఫోన్లూ ఒకేసారి మోగాయి. డిస్క్ నిండిపోయింది. ఎక్కడి మెషీన్ అక్కడ బిగుసుకుపోయింది. ఫలితాలు తయారుచేసే పని కూడా ఆగింది. ప్రిన్సిపాల్‌గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు. ఆయన వెనకే, ఎవరు కబురు పెట్టారో ఏమో, కడుపు మీద చెయ్యి పెట్టుకుని బావగారు కూడా వచ్చారు. అక్క అప్పటికే నా వెనక నిలబడి ఉంది. ఆమె లెక్క అన్ని రోజులుగా నడిచి నడిచి ఒడ్డుకు చేరబోతూ ఆగిపోయింది.

"ఇప్పుడు తెలిసిందా నేనెందుకు కుదరదన్నానో?" అన్నారు బావగారు ప్రిన్సిపాల్‌గారి వంక చూస్తూ. "అన్నీ తుడిచేస్తే అరగంటలో ఫలితాలు నడుస్తాయి. తుడిచెయ్యమ్మా."

"తప్పు నాదే సార్," అన్నాను. "డిస్క్ హద్దు పెట్టాల్సింది, పెట్టలేదు. దానికి నన్నేమన్నా పడతాను. కానీ మెషీన్లు తుడవను. అవి పోలేదు, ఆగాయి. కాస్త చోటు దొరికితే ఎక్కడ ఆగాయో అక్కడినుంచే లేస్తాయి."

"ఆ చోటు ఎక్కడినుంచి తెస్తావ్? వేరే డిస్క్ ఉందా?"

లేదు. ఉన్న డిస్క్‌లన్నీ నిండే ఉన్నాయి.

"ఎవరిదో ఒకటి తుడవక తప్పదు. పెద్దవి చూసి తీసెయ్," అన్నారు. అందరికంటే పెద్దది అక్కది. అది ఆయనకు తెలియదు. నాకు తెలుసు, అక్కకూ తెలుసు. అక్క మాత్రం అలవాటు ప్రకారం వదిలేసుకోవడానికి సిద్ధపడుతోందని ఆమె ఊపిరి వినే చెప్పగలను.

దాని తర్వాత పెద్దది నాది.

అందులో నేను రాసుకున్న ప్రోగ్రాం, సర్వర్ల మీద అది పోగేసిన లెక్కలు ఉన్నాయి, దేనికీ కాపీ లేదు. పాత కంప్యూటర్‌లోది మార్చుకున్నరోజే తుడిచేశాను. కాపీలు పెట్టుకోండి, కాపీలు పెట్టుకోండి అని కాలేజీ అంతటికీ నెలనెలా మెయిళ్లు పెట్టేదాన్ని నేను. నా మెషీన్ పేరు టైపు చేశాను. నిజంగా తుడిచెయ్యమంటావా అని అడిగింది. అవునన్నాను.

"ఏది తీశావ్?" అన్నారు బావగారు.

"నాది."

ఫలితాల పని కదిలింది. ఆ తర్వాత అక్క మెషీన్‌ను లేపాను. అది ఆగిన అంకె దగ్గరే కాసేపు నిలబడి, దాని పక్కన ఇంకో అంకె వేసింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసి అంత గట్టిగా నొక్కుతుందనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. పోయిన ప్రోగ్రాం కోసమే వచ్చింది, దాచడం ఎందుకు? కళ్లు తుడుచుకుని అందరికీ మెయిల్ పెట్టాను: "చోటు లేదు. తప్పు నాది. మీ మెషీన్లు ఒక్కొక్కటిగా లేపుతాను. లేవగానే ఎవరి చెత్త వాళ్లు తీసేసుకోండి."

తీశారు. ఎవరూ దరఖాస్తు పెట్టమనలేదు, ఎవరూ పైన నిలబడి గద్దించలేదు. చరిత్ర లెక్చరర్ ఒకే ఫొటోలు మూడేసి కాపీలు పెట్టుకున్నాడట, సిగ్గుపడుతూ వచ్చి చెప్పి మరీ తీశాడు. సాయంత్రానికి సగం డిస్క్ ఖాళీ అయింది. ఆ మర్నాడే ఒక్కొక్కరికీ హద్దు పెట్టాను.

డిస్క్ నిండిన రోజు రాత్రే భోజనాల దగ్గర బావగారు కంచం ముందు కూర్చుని అన్నారు, "ఈ ఇంట్లో ఉంటూ నాకే ఎదురు చెప్పేవాళ్లు ఇంకెక్కడైనా ఇల్లు చూసుకుంటే మంచిది."

అప్పుడు మా ఆయన గోడ దిగాడు.

"అన్నయ్యా, ఇల్లు మనిద్దరిదీ. ఎవరూ ఎక్కడికీ పోరు. నువ్వు తిను."

బావగారు తినకుండానే లేచారు. ఆయన లేచాక కూడా మేం కూర్చునే ఉన్నాం. అక్క మా ఆయనకు ఇంకొంచెం కూర వడ్డించింది, తనకూ వేసుకుంది. ముగ్గురం కడుపునిండా తిన్నాం. ఆరోజునుంచి మా ఇంట్లో ఎవరికి ఆకలైనప్పుడు వాళ్లు తింటున్నాం, ఎవరి ఆకలి తీరినప్పుడు వాళ్లు లేస్తున్నాం. బావగారు నాతో మాట్లాడటం మాత్రం మానేశారు.

ఆయన డ్యూటీలో చేరగానే నన్ను సర్వర్ల మీదనుంచి తీసేసి, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు వచ్చే కౌంటర్‌లో కూర్చోబెట్టారు. మెషీన్ల సంగతి ప్రిన్సిపాల్‌గారు మధ్యేమార్గంగా తేల్చారు: అవసరమైనవాళ్లు బావగారి ముందుకొచ్చి కారణం చెప్పుకోవాలి, చెప్పినవాళ్లవి ఉంచాలి, మిగతావి తుడిచెయ్యాలి. మళ్లీ దరఖాస్తుల కాలం వచ్చినట్టేనని అందరూ నీరుగారిపోయారు.

ఆరోజు సెంటర్ వరండాలో వరస మెట్ల దాకా ఉంది. అందరికంటే ముందు అక్క నిలబడింది. ఆమె థీసిస్ ఇచ్చేసి అప్పటికి వారం. బావగారు తలెత్తి చూసి గొంతు తగ్గించారు.

"నువ్వెందుకొచ్చావ్? ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో చాలాసార్లు అడిగాను సార్. అందుకే ఇక్కడికొచ్చాను."

సార్ అంది. వరస మొత్తం చెవులు రిక్కించింది.

"నీ థీసిస్ అయిపోయిందిగా. ఇంక మెషీన్ ఎందుకు?"

"ఎందుకో నేను చూసుకుంటాను."

"కారణం చెప్పాలి."

"కారణమేమీ లేదు సార్. ఉంచుకుంటాను."

"అలాగైతే నీ దరఖాస్తు కొట్టేస్తాను."

"కొట్టెయ్యండి. రేపొచ్చి మళ్లీ నిలబడతాను. ఎల్లుండీ వస్తాను. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, థీసిస్ ఇచ్చేశాను, నాకు బోలెడంత తీరిక."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. బావగారు నవ్విందెవరో వెతకలేదు. ఆయన చూపు అక్క మీదే ఉంది, ఇన్నేళ్లు పక్కనే ఉన్న మనిషిని కొత్తగా పరిచయం చేసినట్టు. చాలాసేపు చూసి, కాగితం మీద ఆమె పేరు రాశారు.

"నెక్స్ట్. కారణం?"

"నేను చూసుకుంటాను సార్," అన్నాడు చరిత్ర లెక్చరర్. చెమటలు పట్టాయి గానీ అన్నాడు. ఆ తర్వాత భౌతికశాస్త్రం అమ్మాయి కూడా అదే మాట అంది. ఆమె వెనకాయనా అంతే. కొందరికి నిజంగా మంచి కారణాలున్నాయి, అయినా చెప్పలేదు. బావగారు కాసేపటికి అడగడం మానేసి పేర్లు రాసుకుంటూ పోయారు.

అందరూ అయ్యాక కౌంటర్ మూసి నేను వెళ్లి నిలబడ్డాను. ఇన్ని రోజుల తర్వాత ఆయనకు నాతో మాట్లాడక తప్పలేదు.

"నీదేదో నువ్వే తుడిచేసుకున్నావుగా?"

"అందుకే కొత్తది కావాలి సార్. మొదటినుంచి రాసుకోవాలి."

"ఏం రాస్తావ్?" అనబోయి ఆగారు. నేనేమంటానో ఆయనకు తెలిసిపోయింది. కలం తీసుకుని నా పేరు రాశారు. ఎంత నొక్కి రాశారంటే, అడుగున ఉన్న కాగితం మీద కూడా పడింది.